తడబాతు ఆగే చోటు

పిల్లలందరికీ ఆవిడ బాతమ్మ. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఇరవై రెండేళ్ళు టైపిస్టుగా పనిచేస్తూ, పనికిరాని దరఖాస్తుల వెనకవైపు కథలు రాసుకున్న మనిషి. మొదటి పుస్తకం అచ్చయ్యేనాటికి ఆవిడకు ముప్పై ఎనిమిదేళ్ళు. అందులో ఒక బాతు ఉంది. మిగతా బాతులన్నీ గడగడా మాట్లాడేస్తుంటే దీనికి మాత్రం మాట తడబడుతుంది. "నే నే నేను కూ కూ కూడా వస్తా" అనేలోగా గుంపంతా అవతలి గట్టుకు చేరిపోతుంది. పేరు తడబాతు.

పుస్తకం పిల్లల చేతుల్లో పడి నలిగిపోయింది. ఒక్క తడబాతు పుస్తకం పదకొండైంది. ఆవిడ ఏ బడికి వెళ్ళినా పిల్లలు కొంగు పట్టుకుని వదిలేవారు కాదు.

ఆ బాతు ఎక్కడినుంచి వచ్చిందో ఇంట్లోవాళ్ళకు తెలుసు. అప్పటికి ఏడేళ్ళున్న కూతురికి నత్తి. బిడ్డకు ధైర్యంగా ఉంటుందనే తల్లి ఆ కథ రాసింది. బిడ్డ చదివి, పుస్తకం బల్లమీద పెట్టి, ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. నచ్చిందనే అనుకుంది తల్లి.

డెబ్బయ్యో ఏట పదకొండు పుస్తకాలనూ పెద్ద అక్షరాలతో మళ్ళీ వేస్తామన్నారు ప్రచురణకర్తలు. ముందు మొదటి పుస్తకం ప్రూఫులు ఇంటికొచ్చాయి. ఆవిడకు ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను మసక. కూతురు కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం వచ్చి చదివి పెట్టమని తల్లి అడిగింది. కూతురు కాసేపు ఆలోచించి సరేనంది.

రెండో పేజీలో బాతు మాట దగ్గర కూతురు ఆగిపోయింది.

"నేను కూడా వస్తా," తల్లి అందించింది.

"నువ్వు చెప్పకమ్మా." కూతురు కాగితం కింద పెట్టింది. "ఈ బాతు నేను కాదు."

"నువ్వేనని ఎవరన్నారే?"

"అందరూ అన్నారు. టీచరు నన్ను లేపి ఈ పేజీయే చదవమంది. నేను నిలబడ్డాను. క్లాసంతా బాతుల్లా అరిచారు. బడి వదిలేదాకా నా పేరు తడబాతే."

తల్లి కూతురివైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పడం మొదలుపెడితే నువ్వే పూర్తిచేసేదానివి. ఇంకో మాట చెప్పనా? ఇది నా నత్తి కూడా కాదు. నాకు అక్షరం రెండుసార్లు రాదు. అసలు రాదు. గొంతులో తలుపు పడిపోతుంది. అది తెరుచుకునేదాకా నిలబడతాను, అంతే."

మరి తనకు ఆ 'నే నే నేను' ఎక్కడ వినిపించింది? ఆవిడ చాలాసేపు గుర్తు చేసుకుంది. నాటకాల్లో. చిన్నప్పుడు చూసిన నాటకాల్లో నత్తివాడు అలా మాట్లాడితే జనం పడీ పడీ నవ్వేవారు. కన్నబిడ్డను ఎదురుగా పెట్టుకుని నాటకంలో వాడి మాటలు రాసింది తను.

"తప్పైపోయింది తల్లీ."

"అయింది," అంది కూతురు. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. "అలాగని పుస్తకం చెడ్డదని అనను. మా దుకాణంలో అద్దాలు పెట్టుకోమంటే పిల్లలు మారాం చేస్తారు. తడబాతు బొమ్మ చూపిస్తే బుద్ధిగా కూర్చుంటారు. గోడకు అంటించింది నేనే."

తర్వాతి ఆదివారం నుంచి ఇద్దరూ పనిలో పడ్డారు. బాతు మాట్లాడే ప్రతిచోటా తిరగరాశారు. నోరు పెగలని చోట ఖాళీ వదిలారు. ఎంత ఖాళీ అన్నది కూతురే తేల్చింది. దుకాణంలోని సన్నటి స్కేలు తెచ్చి గీత గీసేది. "ఇక్కడ ఇంకొంచెం. 'నేను' అనడం కష్టం. పేరు చెప్పడం ఇంకా కష్టం."

అక్షరాలు కూర్చేవాడు ఫోన్ చేశాడు. "ఖాళీలు పడ్డాయండీ అమ్మా. అక్షరాలేమైనా ఎగిరిపోయాయా?"

"ఎగిరిపోలేదు నాయనా. రావడానికి టైం పడుతుంది."

"అచ్చుతప్పనుకుంటారండీ."

"అనుకోనీ."

సంపాదకుడి బెంగ వేరు. "పిల్లలు నవ్వేది అక్కడేనండీ. అది తీసేస్తే ఎలా?"

"నవ్వు ఇంకోచోట పెడతానులెండి," అంది ఆవిడ.

పెట్టింది కూడా. కొత్తగా చేర్చిన కథలో తడబాతుకు పాము కనిపిస్తుంది. నోరు తెరుస్తుంది, మాట రాదు. మిగతా బాతులు ఆగవు. ఆకలేస్తోందా అని ఒకటి, చలేస్తోందా అని ఒకటి, పాట పాడతావా అని ఇంకొకటి అందుకుంటాయి. అన్నిటికంటే పెద్ద బాతు, పాపం ప్రేమగలది, "నాకు తెలుసులే, దానికి నిద్రొస్తోంది" అంటుంది. తడబాతు "పాము" అనేసరికి పాము వచ్చి వాటి మధ్యే చుట్ట చుట్టుకుని కూర్చుంటుంది.

అది చదివి కూతురు కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వింది. "ఆ పెద్ద బాతు ఎవరో నాకు తెలుసు."

"తెలియకేం," అంది తల్లి.

అలా ఎనిమిది పుస్తకాలు పూర్తయ్యాయి. తొమ్మిదోదాని ప్రూఫులు వచ్చిన వారంలో బాతమ్మకు జ్వరం తగిలింది. అది ఊపిరితిత్తులకు పాకింది. పది రోజులు ఆసుపత్రిలో ఉండి కన్నుమూసింది.

నెల తిరిగాక కూతురే దుకాణానికి సెలవు పెట్టి మిగతా మూడింటి పనికి కూర్చుంది. తొమ్మిది, పది చకచకా సాగాయి. పదకొండోది చివరి పేజీలో ఆగింది. అక్కడ తడబాతు చెరువు మధ్యకు వెళ్ళి, ఒక్క తడబాటు కూడా లేకుండా పదహారు వాక్యాలు మాట్లాడుతుంది. కూతురికి ఆ పేజీ ఎప్పుడూ గిట్టలేదు. అమ్మ తన నత్తిని కాగితం మీద నయం చేసేసిందని మొదటిసారి చూసినప్పుడే అనుకుంది. అమ్మ ఉంటే అడిగేది, గట్టిగానే అడిగేది. మూడు రోజులు ఆ పేజీ అలాగే బల్లమీద ఉంది. స్కేలు పెట్టి రెండుచోట్ల గీత గీసింది, చెరిపేసింది.

నాలుగో రోజుకి సెలవు అయిపోయింది. పొద్దున దుకాణంలో ఒకావిడకు కొత్త అద్దాలు సరిచూస్తూ, అవి ఎలా వాడాలో ఎలా తుడుచుకోవాలో మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఆవిడ వెళ్ళిపోయాక గాని తను ఎక్కడా ఆగలేదన్న సంగతి తట్టలేదు. కొన్ని రోజులు అలా వచ్చేస్తాయి మాటలు. ఎందుకో తెలియదు. మర్నాడు రాకపోనూవచ్చు.

ఇంటికెళ్ళి ఆ పేజీ అంచున అక్షరాలు కూర్చేవాడికి రాసింది: ఇక్కడ ఖాళీలు వద్దు. ఉన్నది ఉన్నట్టే వేయండి.