కోపి మెడలో గన్నేరు దండ

పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంటుందని ఆ పొట్టి గుర్రానికి, సింగపూర్‌లో కాఫీని పిలిచినట్టే, కోపి అని పేరు. స్వారీ నేర్పే గుర్రపుశాల వాళ్ళు ముసలిదైందని వదిలించుకోబోతుంటే, ఆరేళ్ళ మహతి రెండు రోజులు అన్నం ముట్టలేదు. చేసేది లేక తండ్రి భరద్వాజ్ కొని ఆ శాలలోనే ఉంచాడు. తను ఎప్పుడూ ఆఫీసు పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు గనక కాగితాల మీద యజమానిగా భార్య ఉజ్వల పేరే రాయించాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన ఉజ్వల, ఇంగ్లీషులో సంతకం కోసం కూతురి దగ్గర మూడుసార్లు దిద్దుకుని వెళ్ళింది.

దసరా నాడు అత్తగారు సూర్యకుమారి, బెడోక్‌లో తమ ఫ్లాటు కింద కార్ పార్క్ పక్కనున్న గన్నేరు చెట్ల నుంచి ఒడి నిండా ఎర్రపూలు కోసుకొచ్చింది. మామిడాకులు దొరకలేదని గన్నేరు ఆకులే మధ్యమధ్యన వేసి బారెడు దండ కట్టింది. లారీకీ కుట్టుమిషనుకీ దండ వేసినప్పుడు ప్రాణమున్న వాహనానికి వెయ్యొద్దా అని ఆవిడ వాదన.

“గన్నేరు గదా అత్తయ్యా... అది తింటేనో?” అంది ఉజ్వల.

“పప్పేనే విషం. పువ్వేం చేస్తుంది? రోజూ అమ్మవారికి పెట్టట్లా? చదివింది ఎనిమిది, అనుమానాలు మాత్రం పీహెచ్‌డీవి.”

ఉజ్వల హారతి పళ్ళెం సర్దసాగింది. పిల్ల తుమ్మితే థర్మామీటరు వెతికే మనిషి. ఆ ఇంట్లో ఆమె ఏ భయం బయటపెట్టినా అది ఆ ఎనిమిదో తరగతి దగ్గరికే వచ్చి ఆగేది.

మహతిని బడి మాన్పించి మరీ ముగ్గురూ గుర్రపుశాలకు వెళ్ళారు. గుర్రాల్ని చూసుకునే రామయ్య లిటిల్ ఇండియాలో గుడికి పోయాడు. కోపికి బొట్టు పెట్టి, దండ వేసి, హారతిచ్చారు. వచ్చేసేటప్పుడు ఉజ్వల దండ తియ్యబోయింది.

“ఆగు! పూజ చేసిన దండ దీపాలవేళ దాకా తియ్యకూడదు.”

కోపి మెడ వంచి దండ కొసను పెదాలతో తడిమింది. “మమ్మీ, హి లైక్స్ ఇట్ లా!” అని మహతి చప్పట్లు కొట్టింది. అత్తగారు నవ్వింది. ఉజ్వల కూడా నవ్వింది.

రెండింటికి రామయ్య ఫోన్ చేశాడు. “అమ్మా, ఉడనే... వెంటనే రండి. మీ గుర్రం పడిపోయింది.”

ముగ్గురూ వెళ్ళేసరికి కోపి చెమటతో తడిసి, కాళ్ళు కొట్టుకుంటోంది. మెడలో దండ లేదు. శాల వాళ్ళు పిలిపించిన పశువుల డాక్టరమ్మ దాని గుండె దగ్గర గొట్టం పెట్టి వింటోంది. మూలన గడ్డిలో, ఒక్క పువ్వు మిగలని దారం కనపడింది. ఉజ్వల దాని మీద చెప్పు వేసి నిలబడింది.

“నోరెత్తకు. అబ్బాయి ఊళ్ళో లేనప్పుడు మన మెడకు చుట్టుకుంటుంది,” అత్తగారు ఉజ్వల మణికట్టు పట్టుకుని గొణిగింది.

“ఏం తిన్నది?” అని డాక్టరమ్మ ఇంగ్లీషులో అడిగింది. ఆ మాత్రం ఇంగ్లీషు ఉజ్వలకు వచ్చు. రానట్టు చూసింది.

కడుపునొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. తగ్గలేదు. గంట గడిచింది. శాల మేనేజరు రామయ్య వైపు తిరిగి, గడ్డిలో ఏం కలిపావని గట్టిగా అడిగాడు.

“అలామాక్! అయ్యయ్యో, ముప్పై ఏళ్ళుగా ఇదే గడ్డి సార్. నా పిల్లల మీద ఒట్టు,” అన్నాడు రామయ్య. పిడికెడు గడ్డి తీసి మేనేజరుకి చూపించాడు.

ఉజ్వల కాలు తీసింది. వంగి ఆ దారం అందుకుని డాక్టరమ్మ ముందు పట్టుకుంది. ఏ పువ్వో చెప్పడానికి ఇంగ్లీషు మాట రాలేదు. ఫోన్లో బొమ్మ వెతికి చూపించింది.

డాక్టరమ్మ మొహం మారిపోయింది. ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోకి నల్లటి బొగ్గునీళ్ళు పోశారు. కోపి గుండె ఒక దెబ్బ కొట్టి రెండు మానేస్తోంది. అయిదింటికి డాక్టరమ్మ లేచి నిలబడింది. గంట ముందు తెలిసుంటే ఏమయ్యేదో చెప్పలేననీ, ఇప్పుడు మాత్రం ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చి దాని బాధ తీర్చడమొక్కటే మిగిలిందనీ అంది. యజమాని సంతకం కావాలంది.

ఉజ్వల పెట్టింది. ఈసారి ఎవరి దగ్గరా దిద్దుకోనక్కర్లేకపోయింది.

తిరిగొచ్చేటప్పుడు ట్యాక్సీలో అత్తగారు, “పోనీలే. పిల్లకు తగలాల్సిన దిష్టి దానితో పోయింది,” అంది. కిటికీకి మొహం ఆనించి కూర్చున్న మహతి తిరిగి చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఉజ్వల పెరుగన్నం పోపు పెట్టి పిల్ల ముందుంచింది. మహతి చెంచాతో కెలికి ఒక ఆకు పైకి తీసింది.

“మమ్మీ, ఇదేం లీఫ్?”

“కరివేపాకమ్మా. రోజూ తింటావుగా.”

“ఆర్ యూ షూర్?”

ఉజ్వల ఆ ఆకును తన నోట్లో వేసుకుని నమిలి మింగింది. మహతి చెంచా కింద పెట్టేసి, ఏమవుతుందోనని తల్లి మొహంలోకే చూస్తూ కూర్చుంది.