డప్పు ఎంత కాగాలి

నా మనుమరాలు భాగ్యశ్రీ దరఖాస్తును ఆ ఉదయం నేను మూడుసార్లు ఎర్ర సిరాతో దిద్దాను. సంగీత కళాశాల నుంచి టీసీ ఇప్పించవలసిందిగా కోరే ఏడు వాక్యాల లేఖ అది. చేర్పించిన నాడు సంరక్షకునిగా సంతకం చేసినవాడిని నేనే గనుక, మానడానికీ నా సంతకమే కావాలి. సాయంత్రం నాలుగు లోపల ఆమె హైదరాబాదులో టీసీ తీసుకోవాలి. మరునాడు మేముండే నల్లగొండలోని విశ్వవిద్యాలయ కళాశాలలో చూపకపోతే బీఎస్సీ భౌతికశాస్త్రం సీటు పోతుంది. అప్పటికే పది దాటింది.

"గీసారి ఏం తప్పు తాతా?"

"కారణం లేదు. 'వ్యక్తిగత కారణాలు' అన్నది కారణం కాదు."

వంటింట్లోంచి నా భార్య బిక్షమ్మ గొంతు వినిపించింది. "సంతకం పెడ్తవా పెట్టవా, ఒక్క మాట చెప్పరాదు! చుక్కలు, గీతలు... దరఖాస్తు దిద్దుతున్నవా, ముగ్గేస్తున్నవా?"

వరండా చివరి దాకా నడిచి తిరిగి వచ్చాను. మళ్లీ నడిచాను. ముప్పై నాలుగేళ్లు ఆంగ్లం బోధించిన నాకు, నా అభ్యంతరం భాషకు సంబంధించినది కాదని తెలుసు. ఎంపీసీలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లను రెండేళ్ల క్రితం వయొలిన్‌కు పంపినది నేను. ఆమె పట్టుచీర కట్టి వేదికపై కూర్చుంటే మొదటి వరుసలో ఉండాలని నా కోరిక. ఆ కోరిక ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదనుకున్నాను.

భాగ్యశ్రీ కొత్త కాగితంపై మళ్లీ వ్రాసి అందించింది. కారణం ఇలా ఉంది: "వేడికి తోలు బిగిసి శబ్దం ఎందుకు మారుతుందో నేర్చుకోవడానికి."

"ఏ తోలు?"

"డప్పు తోలు. పోయిన నెల ముత్యాలమ్మ పండుగకు మన సొంతూరు కట్టంగూర్ పోయిన గదా. పెద్దులు తాత గడ్డిమంట మీద డప్పు కాగబెడ్తాండు. ఎంత కాగాలె అని అడిగిన. 'నన్నడుగుతవేంది బిడ్డా, మీ ముత్తాత కురుమయ్య లెక్క కాగబెట్టెటోడు గీ చుట్టుపక్కల లేకుండె' అన్నడు." ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. "నువ్వెన్నడు చెప్పలే."

చెప్పలేదు. మా తండ్రి డప్పు వాయించేవాడన్న సంగతి ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను ఎవరి ముందూ నోటికి రానివ్వలేదు. వయొలిన్ ఆ సంగతిని కప్పుతుందనుకున్నాను.

"ముసురుకు తీగ శ్రుతి ఎందుకు తప్పుతదని మా సార్‌ను గూడ అడిగిన," అంది. "'శ్రుతి చేసుకోవడం నీ పని. ఎందుకన్నది వేరే చదువమ్మా' అన్నడు. మంచిగనే చెప్పిండు. నాకు గా వేరే చదువే కావాలె. ఇగ నువ్వు చెప్పు తాతా, ఎంత కాగాలె?"

"బొటనవేలితో నొక్కి చూడాలి." అప్రయత్నంగా నా వేలు బల్ల అంచును నొక్కింది. "తరువాత చెవి దగ్గర పెట్టుకొని మెల్లగా మీటాలి. ముసురు పట్టిన నాడు ఎక్కువసేపు కాచాలి. మితిమీరితే తోలు పగులుతుంది."

"అంటే ఎన్ని డిగ్రీలు?"

ఏ విద్యార్థి ముందూ ఏనాడూ అనని మాట అనవలసి వచ్చింది.

"తెలియదు."

నీలి సిరాతో సంతకం చేశాను. ఆమె మూడవ వాక్యంలో కామా లేదు. ఉండనిచ్చాను.

పదకొండు గంటల బస్సులో ఆమెతో పాటు నేనూ ఎక్కాను. నార్కట్‌పల్లి వచ్చేదాకా సంచి పట్టీని విప్పుతూ, బిగిస్తూనే ఉన్నాను.

"నన్ను దిగబెట్టనీకి గింత దూరమా?"

"కాదు. నాకు వేరే పని ఉంది."

చౌరస్తాలో నేను దిగాను. ఆమె బస్సు హైదరాబాదు వైపు తిరిగింది. నేను కట్టంగూర్ ఆటో ఎక్కాను.

పెద్దులు నా చిన్నాయన కొడుకు. వాకిట్లో నన్ను చూసి నోరు తెరిచాడు; నలభై ఏళ్లలో నేను ఆ వాకిట్లో అడుగు పెట్టలేదు. సంచిలోంచి మా ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు తీసి, వచ్చిన పని చెప్పాను.

"ఏందన్నా! డప్పుకు జ్వరమొచ్చిందా?"

తిరిగి వెళ్లిపోదామనిపించింది. కాని అతని నవ్వు ఆగేదాకా కదలకుండా నిలబడ్డాను.

"గిది నలభై రెండు దాంకనే సూపుతది తమ్మీ. గాజు పలిగితె పలగనీ," అన్నాను. "గడ్డి తే. నేనే కాగబెడ్త."