మూడోసారి విత్తే రోజు

జూన్ ఇరవై ఆరు, ఉదయం ఏడు. బిజినేపల్లి పక్క ఊళ్లో కురుమయ్య తన రెండెకరాల ఎర్ర చెలకలో మూడోసారి పత్తి పెట్టడానికి అరక కట్టాడు. గింజలు వేయడానికి భార్య సరితను పిలవలేదు. పక్కింటి ఉమను పిలిచాడు.

అది అత్త రంగమ్మ తీర్పు. "రెండుసార్లు నువ్వేసినవు, రెండుసార్లు మాడిపాయె. నీ చెయ్యి మంచిది కాదే పిల్లా. ఉమ వేస్తది. నువ్వు సద్ది తీస్కపో, అంతే."

సరిత సద్ది గంప గట్టున దించి, అరక తీసిన సాలు పక్కన కూర్చుంది. పదహారేళ్లుగా ఈ చెలకలో మొగుడి వెనక నడిచి గింజ వేసింది ఆమే. పంట వచ్చిన ఏళ్లలో చెయ్యి మంచిదని ఎవరైనా అన్నట్టు గుర్తు లేదు. కళ్లు మూసుకుంటే అమరచింతలో అమ్మగారింటి ముసురు వినిపించింది. మూడు రోజులు సన్నగా, ఆగకుండా పడేది. దండెం మీద బట్టలు ఆరేవి కావు, అమ్మ తడి కట్టెలు ఊదుతూ దగ్గేది, ఇల్లంతా పొగ, పొగలో వాన చప్పుడు, ఆ చప్పుడులో తను నిద్రపోయేది. ఇప్పుడు వాన గంటసేపు కొడుతుంది, మట్టిని కోసుకుపోతుంది, తెల్లారితే ఎండ. మొగుడు కార్తె చూస్తాడు, మట్టిని ఎవరు చూస్తారు అనుకుంటూనే ఆమె సాల్లో వేళ్లు దింపింది. రెండు వేళ్ల మందం తడి. కింద పొడి, వెచ్చగా.

"ఉమా, ఆగు. పదును లేదు. ఇది గూడ మాడుతది."

"ఆరుద్రల వాన పడ్డంక పదును లేకపోవుడేంది?" కురుమయ్య ఎడ్లను అదిలించాడు. "టీవీల వాన చెప్పేటోళ్ల లెక్క మాట్లాడుతున్నవ్. వేరేటామెను పిలిచిన్నని మండుతుందా?"

ఉమ ఒడిలోని గింజల వైపు చూసి గొంతు తగ్గించింది. "నా చేతుల ఏం లేదక్కా. మొన్న మా చెలకల నేనేసింది గూడ మాడింది. ఎవ్వలికి చెప్పొద్దన్నది మా అత్త."

సరిత లేచింది. ఉమ ఒడిలోని గింజలు తన కొంగులోకి ఒంపుకుని, మొగుడికి వినబడేలా చెప్పింది.

"జానెడు లోతు తడిసినంక నేనే వేస్త. అప్పటిదాంక గివి నా కాడుంటయి."

ఉమ గట్టు మీదికి ఎక్కింది. కురుమయ్య నాలుగు ఒట్టి సాళ్లు తోలాడు. వెనక గింజ వేసేవాళ్లు లేరు.

"అమ్మకు నువ్వే చెప్పుకో," అన్నాడు.

ఎనిమిది కాకముందే ఎడ్లను విప్పాడు.