చల్లపల్లిలో చెప్పిన జవాబు

శాంభవి ముప్పై ఏళ్లుగా పరాయి దేశాల తగాదాల మధ్యే బతికింది. మొదట విదేశాంగ శాఖలో ఉద్యోగం, తరవాత ఐక్యరాజ్యసమితి శాంతిదళాల వెంట కాల్పులు ఆగిన ఊళ్లు తిరగడం, ఆ తిరుగుళ్ల మధ్యలోనే యుద్ధనేరాల మీద రెండు పుస్తకాలు. ఇప్పుడు ఒకే ఒక్క కేసు కోసం పెట్టిన ప్రత్యేక అంతర్జాతీయ న్యాయస్థానంలో న్యాయమూర్తిగా వేశారు. శరణార్థుల శిబిరాన్ని తగలబెట్టించాడని అభియోగమున్న సైన్యాధికారి కేసు వచ్చే నెల ఆమె ముందుకు రావాలి. ఇన్నేళ్లలో ఆమె కోరి అడిగిన కుర్చీ అదొక్కటే.

ఆ కోర్టున్న ఊళ్లో ఇల్లు చూసుకుని, పుస్తకాలు దింపి, విచారణ మొదలయ్యేలోగా ఒకసారి విజయవాడలో అన్నగారింటికి వచ్చింది. ఆమె తండ్రి పాఠాలు చెప్పిన చల్లపల్లి ఊరుకుంటుందా! సభ పెట్టారు, శాలువా కప్పారు. పొగడ్తలయ్యాక వెంకటసుబ్బారావుగారని ఒక రిటైర్డు మాస్టారు లేచారు.

"అమ్మా, ఆ శిబిరం తగలబెట్టినోడికి శిక్ష పడుద్దంటారా?"

"పడకపోతే నేనెందుకండీ అక్కడ?" అంది శాంభవి.

హాలంతా చప్పట్లు. ఆమె కూడా నవ్వింది. కారు ఉయ్యూరు దాటేసరికి ఆ నవ్వు పోయింది.

"అన్నయ్యా, నేనా మాట అనాల్సింది కాదు."

"ఏ మాట? అదిరిపోయింది కదే జవాబు!" అన్నాడు గోపాలకృష్ణ. వన్ టౌన్‌లో హోల్‌సేల్ మందుల దుకాణం ఆయనది.

"సాక్ష్యం వినకుండానే శిక్ష వేసేశాను."

"తెలుగులో అన్నావు. అదీ చల్లపల్లిలో. మీ కోర్టువాళ్లలో ఎవడికర్థమవుతుంది?"

వెనక సీట్లోంచి వదిన కనకవల్లి ఫోను ముందుకు చాచింది. "అప్పుడే యూట్యూబులో పెట్టేశారు. చీర ఎంత బాగా పడిందో చూడు!"

"తీసేయమని చెబుతాలే. తెలిసినవాళ్లేగా," అన్నాడు గోపాలకృష్ణ.

శాంభవి వీడియో మళ్లీ మొదటినుంచి చూసింది. తెలుగు మాట్లాడుతుంటే ఇంట్లో ఉన్నట్టే ఉంది, ఇంట్లో తను జడ్జినన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? కానీ ఒకప్పుడు ఆమె నడిపిన విచారణ సంఘంలో ఒక సభ్యుడు విందులో ఇలాగే నోరు జారితే, మర్నాడే తప్పించింది. భోజనాల దగ్గర మాటకి ఇంత పట్టింపా అని అతను బతిమాలాడు. వినలేదు. రేపు తీర్పు చెప్పాక ఈ వీడియో ఎవరి చేతికైనా చిక్కితే కేసు మళ్లీ మొదటికొస్తుంది. పిల్లల్ని మంటల్లో పోగొట్టుకున్న తల్లులు అదంతా మరోసారి చెప్పుకోవాలి.

ఇంటికి రాగానే ఆ వీడియో లింకు, దానికి ఇంగ్లీషు అనువాదం ప్రధాన న్యాయమూర్తికి పంపింది. ఈ కేసు నుంచి తప్పుకుంటానని రాసింది.

"మనంతట మనమే చెప్పుకోవాలా?" అన్నాడు గోపాలకృష్ణ. "ఎవరన్నా అడిగినప్పుడు చూసుకుందువుగా."

"అడిగేదాకా ఆగితే దాన్ని దాచడమంటారు అన్నయ్యా."

"ముప్పై ఏళ్ల కష్టమే! ఒక్క మాటకి!"

"అన్నది నేనేగా."

మర్నాడు జవాబొచ్చింది. ఆమె స్థానంలో మరో న్యాయమూర్తి కూర్చుంటారు. విచారణ అనుకున్న రోజే మొదలవుతుంది. శాంభవి రెండుసార్లు చదివి ఫోను పక్కన పెట్టింది.

"అయితే ఇంక వెళ్లవా?" అంది కనకవల్లి.

"వెళ్లాలి వదినా. పుస్తకాలు తెచ్చుకోవాలి. మొదటి రోజు వెనక వరసలో కూర్చుని వింటాను."

"అక్కడ కూర్చుని మాత్రం నోరు మెదపకు తల్లీ," అంది కనకవల్లి.