ఏటి రేవులో డీకన్

బేకన్ వేగుతున్న వాసనకి క్యాంపంతా లేచింది గానీ, వెల్డా అంతకు ముందే లేచి డీకన్ వీపు తోముతోంది. డీకన్ ఆమె కంచరగాడిద. రెండు సికమోర్ చెట్ల మధ్య, చెయ్యెత్తితే అందేంత ఎత్తున కట్టిన తాడుకి వాళ్ళ జంతువులు రెండూ పక్కపక్కనే కట్టేసి ఉన్నాయి. ఒకటి డీకన్, రెండోది ఆమె మొగుడు ఫ్లాయిడ్ ఎక్కే ఆడగుర్రం జూన్. ఏటి ఒడ్డు పొడుగునా ఇలాంటి తాళ్ళే, ట్రెయిలర్లే, గుర్రాలే. అమెరికాలోని ఈ ఓజార్క్ కొండల్లో అక్టోబరు వచ్చిందంటే గుర్రమున్న ప్రతివాడూ ఈ అడవిలోనే తేలతాడు. ఇంటి పైకప్పు కారుతున్నా సరే, అది తర్వాత సంగతి.

ఇవాళ ఆఖరి సవారీ. ఏరు దాటి, అవతలి కొండ అంచునే వెళ్ళి, ఊట దగ్గర భోజనాలు. వారం మొత్తంలో డీకన్ ఏట్లో ఒక్క గిట్ట కూడా పెట్టలేదు. ఇవాళ కూడా పెట్టకపోతే, ఆదివారం ఇంటికి వెళ్ళే దారిలో వేలం దొడ్డి దగ్గర దాన్ని అమ్మకానికి దింపేయాలని మొగుడూ పెళ్ళాల మధ్య ఒప్పందం.

ఫ్లాయిడ్ దుర్మార్గుడేం కాదు. నిరుడు ఇదే రేవులో వెల్డా గుర్రం నడి ఏట్లో బెదిరి పడిపోయింది. ఆమె భుజం ఎముక విరిగింది. నీళ్ళలోంచి ఆమెను లాక్కొచ్చింది ఫ్లాయిడే. అప్పటినుంచీ నీళ్ళ దగ్గర మొండికేసే జంతువంటే అతనికి హడల్. వెల్డా సంగతి ఇంకోరకం. ఆ దెబ్బతో జీను చూస్తేనే ఆమెకు చెమటలు పట్టేవి. చలికాలమంతా గుర్రాల సాల వైపే వెళ్ళలేదు. వసంతంలో కొన్న ఈ చాటంత చెవులవాడి మీదే మళ్ళీ ధైర్యం చేసి ఎక్కింది. డీకన్ పోతే తను ఇంకో జంతువు ఎక్కదు, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. వచ్చే ఏడాదినుంచీ క్యాంపులో కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతూ, వెళ్ళేవాళ్ళకి చెయ్యి ఊపడమే.

"ఏమ్మా వెల్డా, మీ అల్లుడుగారు ఇవాళైనా కాళ్ళు తడుపుకుంటారా?" అన్నాడు పక్క ట్రెయిలర్ గ్రోవర్, కాఫీ ఊదుకుంటూ.

"వారం నుంచీ ఒంటిమీద నీళ్ళు పోసుకోనివాడివి నువ్వు. దాన్ని అంటావా?"

గ్రోవర్ పెళ్ళాం పెనం దగ్గరే పగలబడి నవ్వింది. ఫ్లాయిడ్ మాత్రం నవ్వలేదు. జూన్ జీను పట్టీ బిగించి, మళ్ళీ వదులు చేసి, మళ్ళీ బిగించాడు.

ఐడెల్ పెద్దమ్మ గుర్రమ్మీద ముందు కదిలింది. డెబ్బై దాటినా ఈ సవారీలకి పెద్ద ఆవిడే, ఆమె మాటకి తిరుగులేదు. గుర్రాలన్నీ బారులు తీరి రేవులోకి దిగాయి. తోకలు తేలుతున్నాయి, నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి, కుక్కలు మొరుగుతూ ఈదుతున్నాయి. ఆ సందడి చూస్తే వెల్డాకి ఒళ్ళంతా ఉత్సాహం పొంగింది. "పద నాయనా," అని డీకన్ డొక్కలో మడమ తాకించింది.

నాయన కదిలితేనా! నీటి అంచుదాకా వచ్చి, నాలుగు కాళ్ళూ నేలలో పాతుకున్నట్టు నిలబడిపోయింది. బుజ్జగించింది, తిట్టింది, యాపిల్ ముక్క ఆశ చూపింది. ముక్క తినేసింది గానీ కాలు మాత్రం ససేమిరా. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ మాట అన్నవాడెవడో కంచరగాడిదని పెంచే ఉంటాడు.

ఈ గుర్రాలవాళ్ళకి ఒక నియమం ఉంది. ఏరు దాటేటప్పుడు ఆఖరి మనిషి ఒడ్డెక్కేదాకా ఎవరూ ముందుకు సాగకూడదు. సాగితే, వెనకబడిన గుర్రం తనను వదిలేశారని బెదిరిపోతుంది. ఎవరి గుర్రమైనా మొరాయిస్తే, నెమ్మదైన గుర్రమున్నవాళ్ళు వెనక్కి వచ్చి తోడు నడవాలి. ఈ నియమం తప్పినవాడికి సాయంత్రం మంట దగ్గర కుర్చీ జరిపేవాడుండడు. అందుకే అందరూ అవతలి ఒడ్డున ఓపిగ్గా ఆగారు. అందుకే ఫ్లాయిడ్, వారమంతా చేసినట్టే, జూన్‌ని వెనక్కి తిప్పి నీళ్ళలోకి దింపాడు.

అప్పుడు చూసింది వెల్డా. అతను తిరగడానికి ముందు క్షణం డీకన్ కుడికాలు పైకి లేచింది. నీళ్ళమీద ఊగింది. జూన్ ఇటు రావడం కనపడగానే ఆ కాలు ఎక్కడిదక్కడ దిగిపోయింది. చెవులు ముందుకు వాలాయి. ఒక్క నిట్టూర్పు విడిచి, కొత్తపెళ్ళికొడుకులా తీరిగ్గా నిలబడింది.

జూన్ లేకపోతే డీకన్‌కి తోచదని అందరికీ తెలిసిందే. అందుకే దాన్ని తోడు తెస్తున్నారు. ఓరి నీ దుంపతెగ, అనుకుంది వెల్డా. దీనికి భయం కాదు. ఇది ఎదురు చూస్తోంది. నిలబడితే చాలు, పెళ్ళాం తనంతట తనే వస్తుంటే, చన్నీళ్ళలో దిగే ఖర్మ దీనికేం పట్టింది? వారమంతా మా మంచితనంతో మేమే నేర్పాం దీనికి.

"ఫ్లాయిడ్, రాకు. వెనక్కి పో," అని అరిచింది.

"వస్తున్నా ఉండు."

"రావద్దంటుంటే. ఒడ్డెక్కి వెళ్ళిపో. ఐడెల్ పెద్దమ్మా, అందర్నీ తీసుకెళ్ళిపో. ఎవరూ ఆగొద్దు."

అవతలి ఒడ్డున గుసగుసలు లేచాయి. ఈ సవారీలు మొదలైన నలభై ఏళ్ళలో ఏటి దగ్గర మనిషిని వదిలి వెళ్ళమన్నవాళ్ళు లేరు. ఐడెల్ టోపీ అంచు కిందినుంచి వెల్డాని, ఆమె కింద ఉన్న జంతువుని కాసేపు చూసింది. ఆవిడ చిన్నప్పుడు పొలం దున్నింది కంచరగాడిదలతోనే.

"పదండర్రా," అంది. బారు కదిలింది.

ఫ్లాయిడ్ మాత్రం నడి ఏట్లో ఆగిపోయాడు. జూన్ కడుపు తాకుతూ నీళ్ళు పారుతున్నాయి.

"నీకు మతి పోయిందా వెల్డా? నిరుడు పడింది ఇక్కడే."

"నాకు గుర్తులేదనుకున్నావా? నువ్వుంటే ఇది దిగదు. నువ్వు పోతేనే దిగుతుంది."

"దిగి, మధ్యలో ఆగితే?"

"ఆగితే ఆదివారం నువ్వన్నట్టే చేద్దాం. వెళ్ళు. వెనక్కి మాత్రం చూడకు. నువ్వు తిరిగితే అదీ తిరుగుతుంది."

ఫ్లాయిడ్ కళ్ళాలు బిగించాడు. జూన్ తల తిప్పాడు. అతని వీపు బిగుసుకుపోయి ఉంది. జూన్ ఒడ్డెక్కింది, రెల్లు దుబ్బులు దాటింది, మలుపు తిరిగింది, మాయమైంది.

రేవులో వెల్డా, డీకన్, నీళ్ళ చప్పుడు. అంతే మిగిలింది.

డీకన్ తలెత్తింది. చెవులు నిక్కాయి. నమ్మలేకపోయినట్టుంది పాపం. తర్వాత కొండలు మారుమోగేలా ఓండ్రపెట్టి, వెల్డా కళ్ళాలు సర్దుకునేలోపే నీళ్ళలో పడింది. వెల్డా గుప్పెడు జూలు పట్టుకుంది. డీకన్ గిట్టలకింద గులకరాళ్ళు జారుతున్నాయి, చల్లటి నీళ్ళు బూట్లలోకి దిగుతున్నాయి. నిరుడు పడిన చోటు రాగానే ఆమె జూలు ఇంకా గట్టిగా పట్టుకుంది. డీకన్ అక్కడ ఆగలేదు, ఎక్కడా ఆగలేదు. ఒక్క ఊపున ఒడ్డెక్కి, నీళ్ళు కారుతూ మలుపు వైపు పరుగందుకుంది. వెల్డా నవ్వుతోంది, ఏడుస్తోంది, ఏది ఎంతో ఆమెకే తెలీదు. భుజం ఉందన్న సంగతే మరిచిపోయింది.

మలుపు అవతల ఫ్లాయిడ్ ఒక్కడే ఉన్నాడు. జూన్‌ని అడుగులో అడుగేసి నడిపిస్తున్నాడు. మెడ కర్రలా నిటారుగా ఉంది. డీకన్ వచ్చి జూన్ తుంటికి ముక్కు ఆనించాక కూడా అతను తిరగలేదు.

"బతికే ఉన్నావా?" అన్నాడు ఎదురుగా చూస్తూనే.

"ఇంక తిరగొచ్చులే."

తిరిగాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆమెని టోపీ నుంచి బూట్ల దాకా ఒకసారి చూసుకున్నాడు.

"వీపు వెనక ఆ నీళ్ళ చప్పుడు వింటూ నడవడం... నిరుడు విన్న చప్పుడే. ఇంకోసారి నాతో ఈ పని చేయించకు."

"సాయంత్రం క్యాంపుకి ఎలా పోదామనుకుంటున్నావు? అది ఏటికి అవతలే ఉంది."

ఫ్లాయిడ్ ఏటి వైపు చూశాడు.

"అంటే ముందు నేను దాటాలి."

"ముందు నువ్వే. వెనక్కి చూడకుండా."

"ప్రతిసారీనా?"

"ఇది మనింట్లో ఉన్నన్నాళ్ళూ."

ఫ్లాయిడ్ చెయ్యి చాపి డీకన్ తడి మెడమీద ఒక్కటి చరిచాడు.

"ఈ జాతి నలభై ఏళ్ళు బతుకుతుందంటారే," అని గొణుక్కుంటూ జూన్‌ని కొండదారికి మళ్ళించాడు.