నెలకు ఐదు రోజుల రంగులు

సాబేరా గోళ్లకు నెలలో ఐదు రోజులు మాత్రమే రంగు ఉండేది. తక్కిన రోజులన్నీ ఐదు పూటలా నమాజు, నమాజుకు ముందు వజూ. చేతులు కడుక్కునేటప్పుడు గోటికి నీళ్లు తగలకపోతే వజూ కాదు, వజూ లేకపోతే నమాజూ లేదు. రంగు పూసిన గోటికి నీళ్లెక్కడ తగులుతాయి? అందుకే నమాజు ఉండని నెలసరి రోజులే ఆమెకు రంగుల రోజులు. సౌదీలోని రాబిగ్‌లో ఆ వీధి ఆడవాళ్లలో చాలామందిదీ ఇదే పద్ధతి. ఎవరి గోళ్లు మెరుస్తున్నాయో చూస్తే ఎవరి సంగతేమిటో అడగకుండానే తెలిసిపోయేది. ఇంతకంటే దండోరా వేయించుకోవడం నయం కదా అని సాబేరా మొదట్లో సిగ్గుపడింది. తర్వాత అలవాటైంది.

ఆ ఐదు రోజుల్ని వృథా పోనివ్వనిది జెద్దాలో ఉండే అఫ్షాన్. ఆమెది కడప, సాబేరాది ప్రొద్దుటూరు. అఫ్షాన్ పెద్ద కంపెనీల సరుకు అమ్మదు. మొగుడు దుకాణానికి పోయాక వంటింటి కిటికీలు తెరిచి, మూతికి మాస్కు కట్టుకుని, గోళ్లరంగులు తానే కలుపుతుంది. విడతకు ముప్పై సీసాలు. అయిపోయాక మళ్లీ అదే రంగు కావాలని కాళ్లు పట్టుకున్నా చేయదు. కొత్త రంగును ఇన్‌స్టాలో పెట్టేముందు వేసుకుని చూడాల్సింది సాబేరా. ఎన్ని కోట్లు, అంటే పూతలు, వేస్తే గోరు నిండింది, ఎంతసేపటికి ఆరింది, బుడగలు లేచాయా, ఐదు రోజులు గిన్నెలు తోమినా అంచు రాలకుండా నిలిచిందా, అన్నీ రాసి ఫొటోలతో పంపాలి. సాబేరా గోళ్లు పొడుగ్గా, చక్కగా ఉంటాయి. నోరు కూడా కొంచెం పొడుగే. “ఇది రంగు కాదు, గోడకు కొట్టే సున్నం” అని మొహమాటం లేకుండా రాసేది. అఫ్షాన్ రెండు రోజులు అలిగి, మూడో రోజు ఆ విడతంతా పారబోసి మళ్లీ కలిపేది.

హోలో అనే రకం ఉంది. నీడలో వట్టి వెండిరంగు, ఎండ తగిలితే ఏడు రంగులూ లేస్తాయి. రాబిగ్‌లో ఎండకు కరువు లేదు కాబట్టి బాల్కనీలోకి చేయి చాపితే చాలు. థర్మల్ అనేది ఏసీ గదిలో నేరేడుపండు రంగులో ఉండి, బయటి వేడికి గులాబీరంగుకు తిరుగుతుంది. మాగ్నెటిక్‌ది ఇంకో తంతు. తడి ఆరకముందే గోటి మీద అయస్కాంతం పట్టుకుంటే పిల్లికన్నులాగా నిలువుగా ఒక గీత వెలుగుతుంది. జెల్లీ అయితే మూడు కోట్లు వేసినా అడుగున గోరు కనబడుతూనే ఉంటుంది. సాబేరా బురఖాలాంటి తన నల్ల అబాయా చేతిని పరిచి, దానిమీద వేళ్లు ఆనించి ఫొటో తీసేది. నలుపు మీద ఏ రంగైనా నిజం చెబుతుందని ఆమె నమ్మకం.

ఇంత సరదా పనిలో ఒక్కటే ముల్లు. సాబేరాకు పెళ్లయి పద్దెనిమిదేళ్లు, వయసు నలభై ఒకటి, పిల్లలు లేరు. ఆమె సీసా మూత తిప్పుతున్నదంటే ఆ నెల కూడా పోయిందనే అర్థం. మొగుడు మహబూబ్ సుభాని ఫ్యాక్టరీలో టెక్నీషియన్. ఏనాడూ నోరు తెరిచి అడగడు. షిఫ్టు దిగి వచ్చి, అన్నం వడ్డించే ఆమె వేళ్ల వైపు ఒకసారి చూస్తాడు. రంగు కనబడితే ఆరోజు కూర బ్రహ్మాండంగా ఉందంటాడు. కూర ఎట్లా ఏడ్చినా సరే.

ఈ ఏడు ఏప్రిల్‌లో అఫ్షాన్ పంపిన పెట్టె వచ్చింది, ఆ రోజులు మాత్రం రాలేదు. వారం దాటింది, రెండు వారాలు దాటింది. సాబేరా పెట్టెకు అంటించిన టేపు కూడా ఊడదీయలేదు. ఊడదీస్తే ఏమవుతుందోనని భయం. చెయ్యి కాలిందని అఫ్షాన్‌కు మెసేజ్ పెట్టింది. మే నెలలో ఫోను కెమెరా పాడైందని చెప్పి, మర్నాడే బిర్యానీ ఫొటో స్టేటస్‌లో పెట్టింది. అబద్ధాలాడటం ఆమెకు చేతకాదు. అఫ్షాన్ ఏమీ అడగకుండా మూడో పెట్టె కూడా పంపింది. మూడు నెలలు నిండేదాకా కడుపు సంగతి బయటపెట్టకూడదు, దిష్టి తగులుతుంది. అది వాళ్లిద్దరూ పుట్టి పెరిగిన ఇళ్లలోని కట్టడి.

మందుల షాపులో కొన్న కిట్టు రెండుసార్లూ ఒకే గీత చూపించింది, అంటే కడుపు లేదని. కిట్టు పాతదై ఉంటుందని సాబేరా తీర్మానించుకుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారిగా మూడు నెలలు ఒక్క పూట తప్పకుండా నమాజు చేసింది. సజ్దాలో నేలకు నుదురు ఆనించి లేవబుద్ధి కాక చాలాసేపు అట్లాగే ఉండిపోయేది. మహబూబ్ సుభానికి సంతోషం దాచుకోవడం రాదు.

“నీళ్ల క్యాను నువ్వు ఎత్తాకు. నేనొచ్చి ఎత్తుతా” అన్నాడు ఒకరోజు.

“డాక్టరు దగ్గరికి పోదామా?” అని ఇంకోరోజు అడిగాడు.

“మూడు నెల్లు కానీలే” అంది సాబేరా.

మూడు నెలలూ అయ్యాయి. క్లినిక్‌లో డాక్టరమ్మ రక్తం తీయించింది, స్కాను చేయించింది. రిపోర్టులు వచ్చినరోజు ఇద్దరినీ కూర్చోబెట్టి హిందీలో నెమ్మదిగా చెప్పింది. ఇది కడుపు కాదు. లోపల అండాలు అయిపోయాయి. కొందరికి ఇట్లా ముందుగానే నెలసరి ఆగిపోతుంది, ఇక వస్తుందని ఎదురుచూడవద్దు. మందులేమైనా ఉన్నాయా అని మహబూబ్ సుభాని అడిగాడు. పిల్లల కోసమైతే లేవంది.

కారులో చాలాదూరం వచ్చాక అతను అన్నాడు.

“ఇంగ నీకు నెలనెలా ఆ కడుపునొప్పి ఉండదులే సాబేరా.”

ఓదార్చాలనే అన్నాడు పాపం. నోటికి అంతకంటే మంచిమాట రాలేదు. సాబేరా ఊ కొట్టింది. ఆ నొప్పికి తోడుగా, వచ్చే నెలకైనా కడుపు పండుతుందేమో అనే ఆశ ఉండేది. ఇప్పుడు రెండూ లేవు.

మర్నాడు పొద్దున ఆమె మూడు పెట్టెలూ ముందు పెట్టుకుని కూర్చుంది. తెరవడానికి ఇప్పుడు భయమేమీ లేదు, కానీ తెరిచి ఏం చేస్తుంది? ఇకమీదట నమాజు లేని రోజంటూ ఆమెకు లేదు. తెల్లవారి పూసుకుని మధ్యాహ్నం నమాజుకు తుడిచేసే రంగుతో ఏ పరీక్షా తేలదు. పైగా మనసు రావాలి కదా. సీసాలు వెనక్కి పంపేద్దామని అఫ్షాన్‌కు ఫోన్ చేసింది.

“అఫ్షాన్, ఇంగ నేను రంగులు వేసేదానికి కాదు. సీసాలు ఎనక్కి పంపుతా, వేరే ఎవురినన్నా చూసుకో.”

అఫ్షాన్ మెల్లగా అడిగింది.

“మూడు నెల్లు నిండినాయా అక్కా?”

“నిండినాయి” అంది సాబేరా. అంతవరకు అది నిజమే.

“నాకు తెల్సు. చెయ్యి కాలిందన్నప్పుడే తెల్సు. నోరు జారితే దిష్టి తగుల్తాదని గమ్మునుండిపోయినా. రోజూ దువాలో నీకోసరమే అడుగుతాండా అక్కా. ముబారక్ అక్కా. ముబారక్.”

కాదని చెప్పడానికే సాబేరా నోరు తెరిచింది. పద్దెనిమిదేళ్లలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. ఊళ్లో ఎందరికో తాను చెప్పింది, ఎవరెవరి బిడ్డలనో ఎత్తుకుని చెప్పింది. తనకొకరు చెబితే ఎట్లా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. తెరిచిన నోరు అట్లాగే మూసుకుంది.

“సీసాలు యాడికీ పంపాకు” అంటోంది అఫ్షాన్. “కాన్పయినంక నలభై దినాలు నమాజు ఉండదు గదా. నెలకు అయిదు దినాలు యామూలకు వస్తాయి? ఆ నలభై దినాల్లో నువ్వే అన్నీ వేసి చూడల్ల. నీకోసరమని కొత్తవి కలుపుతా.”

“ఏమేం కలుపుతావు?” అని అడిగింది సాబేరా.

అఫ్షాన్ చెప్పడం మొదలుపెట్టింది. మాగ్నెటిక్‌లో ఒక పచ్చ. హోలోలో ఒక లేత నీలం. థర్మల్‌లో చల్లగా ఉంటే ఊదా, వెచ్చబడితే పాలరంగు. ఎన్ని కోట్లు పడతాయో సాబేరా అడిగింది, అఫ్షాన్ చెప్పింది.

మాటలు విని మహబూబ్ సుభాని లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏం జరుగుతోందో అతనికి అర్థమైంది. ఫోను పెట్టేయమని అనలేకపోయాడు. సాబేరా అతని మొహం చూడలేక గోడవైపు తిరిగింది.

“బిడ్డ ఒళ్లో ఉంటాది గదా అఫ్షాన్” అంది. “తొందరగా ఆరిపోయేట్టు కలుపు.”