డాబా మీద ఎండ

మొదటి అంతస్తు మలుపు దగ్గర అసిరమ్మ మోకాలు పట్టేసింది. నెత్తిమీద సిల్వరు బేసిను, అందులో ఇంకా అమ్ముడుపోని పది కిలోల కవళ్ల చేపలు, పైన తడిగుడ్డ. గోడ పట్టుకోబోయి, తెల్లటి గోడకి చేపల చెయ్యి అంటుతుందని వెనక్కి తీసుకుంది. కింద లిఫ్టుంది. చేపలతో ఎక్కకూడదని వాచ్‌మన్ ముందే చెప్పేశాడు. తెల్లవారుజామున వలలు ఒడ్డుకొచ్చిన దగ్గర్నుంచి తిరుగుతున్న కాళ్లవి. భోగాపురం వీధుల్లో ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండు.

అయినా ఎక్కుతోంది. రెండో అంతస్తులో ఉన్నది తోటికోడలు లక్ష్మణమ్మ మరి.

ఇద్దరూ ఒకే ఏడాది ఒకే ఇంట కోడళ్లుగా అడుగుపెట్టారు. అన్న గంగులికి అసిరమ్మ, తమ్ముడికి లక్ష్మణమ్మ. ముప్పై ఏళ్లు ఒకే ఇసుక మీద పక్కపక్కన చేపలు ఎండబెట్టారు. ఒకరు కాకుల్ని తోలుతుంటే ఇంకొకరు ఇంత అన్నం తినేవారు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఆ ఇసుక వాకిలి చెరి నాలుగు సెంట్లు అయింది, పట్టాలు ఆడవాళ్ల పేర్న వచ్చాయి. విమానాశ్రయం వస్తుందనగానే ఆ ఒడ్డున స్థలాల ధరలు ఎక్కడికో వెళ్లిపోయాయి. బ్రోకరు గోవింద్ వాళ్ల జాలరిపేటలో దిగాడు. లక్ష్మణమ్మ తన నాలుగు సెంట్లూ ఇచ్చేసి, బదులుగా ఈ ఫ్లాటు పుచ్చుకుని, పోయినేడు కాపురం ఇక్కడికి మార్చేసింది.

అప్పట్నుంచి అసిరమ్మకి తిన్నది ఒంటపట్టడంలేదు. ఉన్నమాట చెప్పుకుంటే కడుపుమంట. వానపడి రేకులు కారుతుంటే గిన్నెలు పెట్టుకుంటూ, అదిప్పుడు కిటికీలోంచి వాన చూస్తుంటుందని పళ్లు కొరికేది. బేరానికి వచ్చినవాళ్లు "మీ తోటికోడలు అపార్టుమెంటులో ఉంటోందటగా" అంటే చాలు, ఆ రోజు వాళ్లకి కొసరు పడేది కాదు.

గోవింద్‌కి ప్లాట్లకి రోడ్డు వేసుకోవడానికి అసిరమ్మ నాలుగు సెంట్లూ కావాలి. బదులుగా లక్ష్మణమ్మ ఇంటికి ఎదుటి ఫ్లాటు ఇస్తానన్నాడు. "పట్టా నీదీ, సంతకం నీదీ. నానేటీ అనను" అని గంగులు తప్పుకున్నాడు. లక్ష్మణమ్మ మాత్రం అక్కని పిలిచినట్టు అప్పా అంటూ నెలరోజులుగా ఫోను మీద ఫోను: "వొచ్చీ అప్పా, పక్కపక్కనుందుము." ఇవాళే ఆ సంతకం, లక్ష్మణమ్మ ఇంట్లోనే.

తలుపు తీసిన లక్ష్మణమ్మ మొహం విప్పారింది. "వొచ్చినావా అప్పా! బేసిను బయటెట్టీ. లోపల టైల్సు."

ఒక్కొక్కటీ చూపించింది. వంటగట్టు మీద నల్లరాయి. తిప్పితే నీళ్లు. కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి. అసిరమ్మకి అన్నీ కళ్లలో పొడిచాయి. నాతోపాటు ఇసకలో కూచుని చేపల పొట్టలు చీరినదేగా ఇది, దేవుడు దీనికే ఎందుకు రాసిపెట్టాడని లోపల్లోపల ఉడికిపోయింది. సంతకం పెట్టి తీరాలనుకుంది. మోకాళ్లు ఏమైనా సరే.

"ఎదుటింటిలో ఎవులున్నారే?"

"అద్దెకున్నారు. సుహాసినని బేంకీ ఉద్యోగం, మొగుడు కంప్యూటరు. నువ్వొస్తే కాళీ సేస్తారు. ఆలకి బాగా నచ్చీసినాది ఈ ఇల్లు. పొద్దున తాళమేసి ఎలిపోతారు, రాత్రికొస్తారు."

ఆ మాటల మధ్య అసిరమ్మ ముక్కు ఊరుకోలేదు. పెళ్లికి ముందునుంచీ చేపలెరిగిన నలభై ఏళ్ల ముక్కు. అగరొత్తుల వాసన వెనక ఇంకో వాసన ఉంది. పడగ్గది తలుపు మూసుంది. "మంచం సూడనీవేటే" అంటూ తోసేసింది.

కిటికీలు బిగించి, తెరలు దించి, ఫ్యాను హోరుమని తిరుగుతోంది. మంచం నిలబెట్టి గోడకి చేరవేశారు. నేలంతా న్యూస్‌పేపర్లు, వాటి మీద నెత్తళ్లు. చేప ఎండలేదు. నల్లబడి, జిగురెక్కి, కుళ్లుతోంది.

లక్ష్మణమ్మ గబగబా వచ్చి తలుపు మూసింది. "ఎవులికీ సెప్పకప్పా."

"ఇదేటే?"

"డాబా సూసి తీసుకున్నాను ఈ ఇల్లు. సూరీడికి దగ్గిర, కుక్కలు రావు, ఇసకంటదు, ఒక పూటకే ఎండిపోతాదనుకున్నాను. డాబా అందరిదీ అన్నాడు గోవిందు. అందరిదంటే నాదీననుకున్నాను. తొలిరోజు ఎండేసినాను. సాయంత్రానికి ఇక్కడి అసోసియేషనోళ్లు తాళమెట్టీసినారు. అయిదొందలు జుర్మానా ఏసినారు." మూసిన తలుపుకి వీపు ఆనించింది. "నెలకి పన్నెండొందలు మెంటినెన్సు కట్టాల. మా ఆయన పారాదీపు బోట్ల మీంచి పంపింది సాలదు. ఎండుసేప నేకపోతే నాకేటున్నాది?"

అసిరమ్మకి సంతోషం కలిగింది. అవును, సంతోషమే. ఏడాది మంట ఒక్కసారిగా చల్లారి, పెదవి చివర నవ్వు కూడా వచ్చింది. ఆ వెంటనే ఏదో తట్టి నవ్వు ఆగిపోయింది.

"మరి నన్ను రమ్మనీసి ఎందుకు ఎంటబడినావే?"

లక్ష్మణమ్మ వంగి తలుపు కింద సందులోకి పాతగుడ్డ తోసింది. "నాను పేటకొచ్చినప్పుడల్లా సూస్తన్నాను, ఇంకా కాళీగున్న నా ఇసక మీద కూడా నువ్వే ఎండేసుకుంటన్నావు. అది సూడలేకపోనాను. నువ్వూ ఇటొచ్చీస్తే నీకూ ఉండదు కదా అనుకున్నాను."

ఇక్కడ ఈమె, అక్కడ ఆమె, ఒకరిని చూసి ఒకరు ఏడాదిపాటు మండిపోయారు. ఆ మంట మీద అన్నం వండుకున్నది గోవింద్.

అసిరమ్మ గోడకి జారబడింది. "పెళ్లయిన కొత్తలో ఒక్క గదని ఏడిసినాము. పిల్లలు పుట్టినాక ఇంకోటి ఏసుకున్నాము. ఇప్పుడు పిల్లలెక్కడోలక్కడ. గదులెందుకే మనకి? ఆ ఎదుటింటి పిల్లకి ఇది ఇల్లే. మనకి ఇల్లంటే వాకిలే."

బెల్లు మోగింది. గోవింద్ కాగితాలతో వచ్చాడు, ముక్కు చిట్లిస్తూ. "పిన్నీ, ముందా బేసిను కిందకి పంపించండి. అసోసియేషన్ వాళ్లు గొడవ చేస్తారు."

"బాబూ, డాబా తాళం నాకిస్తావా?" అంది అసిరమ్మ.

"అది అందరిదీ పిన్నీ."

"అందరిదంటే ఎవులిది?"

గోవింద్ నవ్వాడు. "ఇంత ఇల్లొచ్చాక ఇంకా చేపలేంటి? హాయిగా టీవీ చూసుకోండి."

"టీవీ సూస్తే నూకలొస్తాయా?"

అతని నవ్వు పోయింది. "మీ ఇష్టం. చుట్టూ ప్లాట్లు వేసేస్తాం. మీ నాలుగు సెంట్లూ మధ్యలో ఇరుక్కుపోతాయి. అప్పుడు కాళ్లావేళ్లా పడినా ఈ ఫ్లాటు రాదు."

అసిరమ్మకి భయం వేసింది. నల్లరాయి గట్టు వైపు, కుళాయి వైపు మరోసారి చూసింది. ఆశ చావలేదు.

"ఇరుక్కోనీ బాబూ. నాను సంతకమెట్టను."

పడగ్గదిలోకి వెళ్లి పేపర్ల కొసలు పట్టి నెత్తళ్లన్నీ మూటకట్టింది. బయటికి తెచ్చి బేసినులో తడిగుడ్డ మీద పెట్టింది. "బాగున్నయి ఏరి, ఉప్పునీల కడిగి ఎండేస్తాను. మిగతాయి కోళ్లకి."

"నా నెత్తళ్లప్పా అవి!"

"నీ ఇసక మీదే ఏస్తాను."

చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని బేసిను ముందు గొంతుక్కూచుంది. నిండు బరువు ఎవరూ ఒంటరిగా నెత్తికెత్తుకోలేరు. ఎదుటి మనిషి చెయ్యి వెయ్యాలి. అది పేటలో ఆడవాళ్ల లెక్క, పోట్లాట మధ్యలోనైనా చెయ్యి వేస్తారు. గోవింద్ గడపలో నిలబడి చూస్తున్నాడు. లక్ష్మణమ్మ అతని వైపు చూసింది, బేసిను వైపు చూసింది. చివరికి వంగి రెండు చేతులూ వేసింది. నీళ్లు ఆమె కొత్త చీర మీద కారాయి.

అసిరమ్మ మెట్ల వైపు వెళ్లలేదు. తిన్నగా లిఫ్టు దగ్గరికి నడిచి బొత్తాం నొక్కింది. "పిన్నీ, అందులో వద్దు!" అని గోవింద్ అరుస్తుండగానే లోపలికి వెళ్లి నిలబడింది.

తలుపులు మూసుకోబోతూ ఆగాయి. వాటి సందులో లక్ష్మణమ్మ పాదం అడ్డంగా ఉంది. చెప్పుల్లేవు. లోపలికి వస్తుందో, నెత్తళ్లు వెనక్కి అడుగుతుందో ఇంకా తెలియదు. ఆ పాదానికి కొత్త వెండి పట్టీలున్నాయి. నెత్తిన అంత బరువుతోనూ అసిరమ్మ కళ్లు వాటి మీదికే పోయాయి, ఎన్ని తులాలుంటాయో అని.